పప్పు ఉడికే బావి

మా అత్తగారి ఊళ్లో బావికి పరీక్ష పెట్టేవాళ్లు. మనుషులకు పెట్టే అలవాటు లేదు. ఉండి ఉంటే మా ఇంటి అరుగు మీద కూర్చునే పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా గట్టెక్కేవాడు కాదు. కొత్త బావి తవ్వి నీళ్లు తేరుకున్న రోజున ఒక కడవ తోడి, కుండలో పోసి, దోసెడు కందిపప్పు వేసి, బావి పక్కనే మూడు రాళ్లు పెట్టి వండేవాళ్లు. ఊళ్లో ఆడవాళ్లంతా పెళ్లికి వచ్చినట్టు చుట్టూ కూర్చునేవాళ్లు. కాసేపటికి ఒక పెద్దామె గరిటెతో బద్ద తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి, "వెన్న" అంటే అది మనుషుల బావి. బద్ద పలుకుగా తగిలితే గొడ్ల బావి. అంతే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. ఆ తీర్పు చెప్పే పెద్దామె మా అత్త.

నేను లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊరి పిల్లను. పెళ్లయి వచ్చింది కొండగట్టు అవతల, ఎటు చూసినా బండరాళ్లుండే ఊరికి. కాళ్ల పారాణి ఆరకముందే నా చేత పప్పు వండించారు. పొయ్యి మీద పెట్టి ఇటు తిరిగేసరికి మెత్తగా ఉడికిపోయింది. అబ్బ, నా చేతి మహిమ అనుకున్నాను. అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "నువ్వు వండినవనుకుంటున్నవా? గిది మా బావి వండింది," అంది. మామ బతికున్న రోజుల్లో బండ పగలగొట్టించి, మందు పెట్టి పేల్పించి తవ్వించిన బావి అట. ఆ నీళ్లతో అన్నం వండితే మెతుకు కాస్త పచ్చగా వచ్చేది. అదీ శుభమే అట, పసుపు పోసినట్టు ఉంటుంది కదా! సబ్బు రుద్దితే నురగ మోచేతుల దాకా వచ్చేది. ఇంక ఆ బావికి ఏం తక్కువ?

తక్కువల్లా వాళ్ల నోళ్లలోనే. నేను ఇంట్లో అడుగుపెట్టిన రోజే చూశాను. మా ఆయన నవ్వితే గోడకు ఎర్రమట్టి జాజు పూసినట్టుండేది పలువరుస. మా పెద్ద బావ, అంటే మా ఆయన అన్న, ఆ ఊరి పటేలు. ఆయనవి ఇంకా ముదురు రంగు, అంచులు పెచ్చులూడి ఉండేవి. అత్త మెడ ఎటూ తిరిగేది కాదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. నలభై దాటిన మగవాళ్లు నడుము వంగక, మోకాలు ముడవక, కర్ర పట్టుకుని నడిచేవాళ్లు. ఎందుకని అడిగితే ఒకడు వాతమనేవాడు, ఇంకొకడు ఆకూ వక్కా అనేవాడు, మూడోవాడు గ్రహాల మీదికి తోసేవాడు. పళ్లు మారే పిల్లలకూ అవే చారలు, వాళ్లూ ఆకు వక్క నమిలారా? ఆ ముక్క అడిగితే కోడలికి నోరెక్కువ అనేవాళ్లు. ఎక్కువే, నేనెప్పుడు కాదన్నాను?

నా పెద్దకూతురికి పాలపళ్లు ఊడి ముందు పళ్లు వచ్చాయి. సుద్దముక్కల్లా తెల్లగా, వెలవెలబోతూ వచ్చాయి. ఏడాది తిరిగేసరికి వాటి మీద గోధుమరంగు చారలు దిగాయి. బొగ్గుతో తోమాను, ఉప్పుతో తోమాను, నిమ్మచెక్కతో చిగుళ్లు పగిలేలా రుద్దాను. నా బిడ్డ ఏడ్చింది గానీ చార కదల్లేదు. తర్వాత అది నవ్వడం మానేసింది. నవ్వు వస్తే పెదాలు బిగించి ముక్కుతో ఊపిరి వదిలేది. ఏడేళ్ల పిల్ల! మా అత్త మాత్రం, "ఆడపిల్ల పండ్లు బయటవెట్టుకోని నవ్వుడేంది, గట్లుంటెనే మంచిది," అంది. ఆ మాటకు ఆమెను నేను ఈనాటికీ క్షమించలేదు, ఆమె పోయి ఇన్నేళ్లయినా సరే.

అప్పటికి నాకు మళ్లీ నెల తప్పింది. పుట్టబోయే బిడ్డ పళ్లు కూడా ఇలాగే అవుతాయా అన్నదొక్కటే నాకు పట్టుకున్న పరేషాన్.

అలాంటి రోజుల్లో అమ్మవారి టీకాలు వేయడానికి సర్కారు దవాఖాన డాక్టరొకాయన జీపులో వచ్చాడు. టీకాలు వేస్తూ పిల్లల నోళ్లు చూశాడు. చూసి ఊరుకోకుండా, వాగు దాటి అవతలి వాడకు వెళ్లాడు. అంటరానివాళ్లని మావాళ్లు దూరం పెట్టిన వాడ అది. వాళ్లను మా బావి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. వాగు మలుపులో ఇసుక తోడి, ఊరిన నీళ్లు చిప్పతో ముంచుకునేవాళ్లు. ఆ చెలిమె నీళ్లతో పప్పు ఉడకదని మా అత్త ఎప్పుడో తీర్పిచ్చేసింది. పాపం, వాళ్లకు పప్పు ఎక్కడిది ఉడకడానికి! డాక్టరు అక్కడి పిల్లల నోళ్లూ చూశాడు, రెండు చోట్లా సీసాల్లో నీళ్లు పట్టుకుని పోయాడు.

కొన్ని నెలల తర్వాత మళ్లీ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమనుషులంతా చేరారు. మేం ఆడవాళ్లం తలుపు వెనక నిలబడ్డాం.

"పటేల్ సాబ్, మీ బావి నీళ్లల్ల ఫ్లోరైడ్ అని ఒకటున్నది," అన్నాడు డాక్టరు. "రాళ్లల్లకెల్లి కరిగొస్తది. అది చెడ్డదేం కాదు. పిల్లలకు పండ్లు తయారయ్యేటప్పుడు నీళ్లల్ల జరంత ఉంటే పన్ను గట్టిపడ్తది, తొందరగ పిప్పి పట్టదు. కొన్ని దేశాలల్ల నీళ్లల్ల అది తక్కువుంటే, సర్కారే కొలత పెట్టి కలుపుతది. పట్నం పట్నమే తాగుతది, ఫికర్ లేదు. మీ వాగు చెలిమెల అది సరిగ్గ సరిపోయేటంత ఉన్నది. అందుకే ఆ పిల్లల పండ్లకు చారల్లేవు, పిప్పి లేదు. మీ బావిల మాత్రం హద్దు దాటింది. పిల్లలకు ఆ నీళ్లు తాపకుండ్రి."

మా బావ మీసం దువ్వుకున్నాడు. ఆయన ఆలోచిస్తున్నాడంటే నాకు భయం. "అంటే ఆ ఫ్లోరైడ్ మంచిదే గద?"

"కొలతల ఉంటే మంచిది."

"వాళ్ల చెలిమెల జరంత ఉంటేనే పండ్లు గట్టిగున్నయంటివి. మా బావిల గంతకంటె ఎక్కువున్నదంటివి. మరి మా బావే ఎక్కువ మంచిదన్నట్టు గద!"

అరుగు మీద ఉన్నవాళ్లంతా "అవ్ గద! అవ్ గద!" అన్నారు. పటేలు తానా అంటే వాళ్లు తందానా. డాక్టరు ముఖం చూడాలి. పాపం, నెమ్మదిగా, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"పటేల్ సాబ్, పప్పుల ఉప్పు జరంత ఏస్తె రుచి. గంపెడేస్తె?"

"మా ఇంట్ల ఉప్పుకేం తక్కువ లేదు డాక్టర్ సాబ్!" అని మా బావ తొడ చరిచి నవ్వాడు. అందరూ నవ్వారు. జాజు పూసిన నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఇలాంటి బుర్ర చేతిలో ఊరు పెట్టిన సర్కారును ఏమనాలో నాకు తెలియలేదు.

అత్త తలుపు చాటు నుంచే అడిగింది: "పప్పు ఉడికే నీళ్లు పండ్లనెట్ల ఖరాబు చేస్తయయ్యా?"

"అవ్వా, సున్నం తక్కువున్న నీళ్లల్లనే పప్పు జెప్పన ఉడుకుతది. సున్నం తక్కువున్న నీళ్లల్లనే ఈ ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతది. పప్పును చూసి బావిని ఏరుకునుడే మీరు చేసిన తప్పు," అన్నాడాయన.

తరతరాలుగా వేళ్ల మధ్య బద్ద నలిపి, ఏరి ఏరి, చేటునే ఇంటికి తెచ్చుకున్నారన్నమాట! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్త తిరగని మెడతోనే మొత్తంగా అటు తిరిగి, "సదువుకున్నోనికి పప్పు సంగతేం ఎరుక," అని లోపలికి వెళ్లిపోయింది. మా పుట్టింటి గోదావరి నీళ్ల మీద నాకూ కాస్త పొగరుండేది. నా దవడ పన్నొకటి పిప్పి పట్టి చిన్నప్పుడే ఊడిపోయింది. మా ఊళ్లో ముసలివాళ్లకు సగం పళ్లు ఉండేవి కావు. మా నీళ్లలో అది తక్కువేమో అని ఆ రోజే అనుకున్నాను. కానీ నా బుర్ర మా బావ బుర్ర కాదు కదా, విన్నది తలకెక్కింది.

రాత్రి దాకా ఆగకుండా మధ్యాహ్నమే మా ఆయనతో చెప్పాను. "పుట్టెడిదానికి ఆ బావి నీళ్లు ఒక్క చుక్క తాపను."

"అన్న ఒప్పుకోవాలె గద," అన్నాడు.

"బిడ్డ మీ అన్నదా, నీదా?"

"గట్లంటె ఎట్లనే," అని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. మా ఆయన జీవితమంతా అంతే, ఇరకాటం వస్తే చెప్పులు వెతుక్కునేవాడు.

మా మడిలో నాట్లు వేసే మనిషి ఒకామె వాగవతలి వాడ నుంచి వచ్చేది. ఆమెకూ నెలలు నిండుతున్నాయి. ఇద్దరం ఒకే పున్నమికి కాస్త అటూ ఇటూగా ప్రసవించాం, ఇద్దరికీ ఆడపిల్లలే. బాలింత రోజులు గడిచాక నేనే ఆమెను అడిగాను, మీ చెలిమె చూపించమని.

"అమ్మో, పటేలుకు తెలిస్తె నా తోలు తీస్తడమ్మా!"

"నువ్వు పొయ్యొద్దు, ముట్టొద్దు. నేనే ముంచుకుంట. అడుగుతె నా పేరు చెప్పు."

బట్టలు పిండే వంకతో వాగుకు పోయేదాన్ని. ఆమె ముందుగా వచ్చి ఇసుక తోడి, నీళ్లు తేరాక, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేది. "సూడమ్మా, నేను ముట్టలే," అనేది. నా బిడ్డకు మంచినీళ్లు ఇస్తూ, ముట్టలేదని నాకే సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది ఆమెకు. ఎంత పాడు లోకం! ఆ నీళ్లు కాచి చల్లార్చి నా బిడ్డకు తాపాను, వాటితోనే గంజి కాచాను.

ఎన్నాళ్లు దాగుతుంది? మా అత్తకు ఎవరో చేరవేశారు. ఇంటి మధ్యలో నిలబడి గుండెలు బాదుకుంది. "ఇల్లు మైలవడ్డది! వాళ్ల చెలిమె నీళ్లు నా ఇంట్లకు తెచ్చింది!" కుండ పగలగొట్టించింది. నా పొయ్యి వేరు చేసి కొట్టంలోకి నెట్టింది. శిక్ష అనుకుంది పిచ్చిది. ఎడ్ల పక్కన నా పొయ్యి, నా కుండ, నా నీళ్లు. అడిగేవాడు లేడు, అంత సుఖం నాకు ఆ ఇంట్లో మునుపెన్నడూ లేదు. పెద్దపిల్ల కూడా నా దగ్గరే తాగేది. దాని పళ్లకు ఇంక లాభం లేదని తెలిసినా, కనీసం ఎముకలైనా దక్కుతాయని ఆశ.

ఇంతలో మా బావకు మనుమడు పుట్టాడు. ఆయన కోడలిది కరీంనగర్, ఆమె తండ్రి వకీలు. పురిటికి పుట్టింటికి వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. ఆ వకీలుకు మా డాక్టరుతో పరిచయం ఉందట. "ఆ బావి నీళ్లు తాపే ఇంటికి నా మనుమణ్ని పంప," అని కబురు పెట్టాడు. అంతే! అరుగు మీద గాలి మారిపోయింది. డాక్టరు చెప్తే ఎక్కనిది, నేను మొత్తుకుంటే ఎక్కనిది, వియ్యంకుడు కసిరితే ఎక్కింది. అయ్యవారిని పిలిపించారు. ఆయన పంచాంగం తెరవకుండానే, "పారే నీటికి అంటు లేదు, వాగంటే గంగే," అన్నాడు. నిన్నటిదాకా నా కుండ పగలగొట్టిన అత్త, ఇవాళ చెలిమె చుట్టూ ఆవుపంచితం చల్లించింది. సిమెంటు వరలు దించి, మూత పెట్టి, కావలి మనిషిని నిలబెట్టారు, అప్పుడు గానీ వకీలు కూతురు పిల్లాడితో తిరిగి రాలేదు. థూ! సిగ్గనేది ఆ ఇంట్లో గడప బయటే ఆగిపోయేది.

మరి వాగవతలి వాళ్లు ఏం తాగాలి? ఎండాకాలంలో ఆ మలుపు దగ్గర తప్ప ఇంకెక్కడ తోడినా తడి ఇసుకే గానీ నీళ్లుండవు. అడగడానికి నలుగురు మా వాకిలి ముందుకు వచ్చి నిలబడ్డారు. మా బావ మళ్లీ మీసం దువ్వుకున్నాడు.

"మీకేం ఫికర్ వద్దురా. మా బావి మీకిస్తున్న. మా నాయిన బండ పలగొట్టి తవ్విచ్చిన బావి. ఇగ మీరు గూడ దర్జాగ గిలక మీద తోడుకోండ్రి!"

వాళ్లు బిత్తరపోయారు. నీడ పడితేనే అరిచే మనిషి బావి ఇస్తున్నాడు! ఈయన ఇంతటితో ఆగాడా, ఆగలేదు. సమితి ఆఫీసరుకు కబురు పెట్టాడు, అంటరానితనం మా ఊళ్లో పోయిందని. ఆఫీసరు రానే వచ్చాడు. బావికి మామిడి తోరణం కట్టారు. స్కూలు పిల్లల చేత పాట పాడించారు. ఊరంతా చూస్తుండగా ఆఫీసరు మా బావ మెడలో బంతిపూల దండ వేసి, ఇలాంటి విశాల హృదయం తాలూకాలోనే లేదన్నాడు. ఆ హృదయం పక్కనే వెండి గ్లాసు ఉంది. అందులో ఉన్నవి వాగు నీళ్లు, పొద్దున్నే ఇంటికి తెప్పించినవి. నేను చంకలో పిల్లతో ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను. ఎదురుగా ఆమె, మా మడిలో నాట్లు వేసే ఆమె, తన పిల్లను ఎత్తుకుని గిలక వైపు చూస్తూ ఉంది. ఆమె పిల్ల అప్పుడప్పుడే నడుస్తోంది. పాలపళ్లు ఊడాక రావాల్సిన దాని ముందు పళ్లు ఇంకా చిగుళ్ల లోపలే తయారవుతున్నాయి. అది తలుచుకుంటే నా ఒళ్లు మండిపోయింది.

"బావా!" అన్నాను, అందరికీ వినబడేలా. ఆ ఊళ్లో ఒక ఇంటి కోడలు అందరి ముందూ పటేలును అలా గొంతెత్తి పిలవడం అదే మొదటిసారి. "గంత మంచి బావి అయితే, ముందుగాల మీ మనుమనికి ఒక గ్లాసు తాపి మొదలువెట్టుండ్రి!"

పాట ఆగిపోయింది. అత్త నా మోచెయ్యి గిచ్చింది, రక్తం వచ్చేలా. ఆఫీసరు ఇదేదో ఊరి ఆచారమనుకున్నట్టున్నాడు, "తాపండి, తాపండి" అని నవ్వాడు. మా బావ దండ సర్దుకున్నాడు.

"పిల్లగానికి సర్ది అయింది," అన్నాడు.

చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో కొట్టినవాళ్లకే తెలియాలి. ఆ మాట ఆఫీసరుకు నేను విప్పి చెప్పేలోపే మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు. ఆ ఒక్క రోజే ఆయనకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో!

తర్వాత ఆమెకు పొలం దగ్గర విడిగా చెప్పాను, ఆ నీళ్లు పిల్లకు తాపొద్దని. వీలైనప్పుడల్లా మా వాగు నీళ్లు ఒక చెంబు, రెండు చెంబులు గట్టు మీద ఆమె ముంతలో పోశాను. చెంబు నీళ్లతో ఒక పిల్ల పెరుగుతుందా? అన్నం ఆ బావి నీళ్లతోనే, గంజి ఆ బావి నీళ్లతోనే. కావలి మనిషి మలుపు దగ్గర కర్ర పట్టుకుని కూర్చునేవాడు. వాడ మొత్తం ఆ దర్జా గిలక మీదే తోడుకుంది. మా బావ మాత్రం ఎవరు చుట్టమొచ్చినా బావి దగ్గరికి తీసుకుపోయి, తను చేసిన త్యాగం చూపించేవాడు.

ఆరేళ్లు నిండాక నా చిన్నదానికి పాలపళ్లు ఊడి ముందు పళ్లు వచ్చాయి. అద్దంలా తెల్లగా, బియ్యపు గింజల్లా గట్టిగా వచ్చాయి. నేను ఆ పూటంతా దాని నోరు తెరిపించి చూస్తూనే ఉన్నాను. మా అత్త కూడా మొత్తం తిరిగి చూసి, "మా వంశం పండ్లు," అంది. ఆ మాటకు నోరు పాడు చేసుకోవడం కూడా దండగ.

ఆ వానాకాలం నాట్లప్పుడు ఆమె తన పిల్లను వెంట తెచ్చింది. మా చిన్నదీ, ఆ పిల్లా గట్టు మీద ఆడుకుంటున్నారు. నేను ఆ పిల్లను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని, నోరు తెరవమన్నాను. తెరిచింది. సుద్దలా వెలిసిపోయిన రెండు పళ్లు, వాటి మీద అప్పుడే దిగుతున్న గోధుమరంగు చార. నా పెద్దదాని నోరు ఆ వయసులో ఎలా ఉండేదో అచ్చం అలాగే.

ఆమె నారు కట్ట కింద పెట్టి నా వైపు చూసింది. నేను ఏదో అనబోయాను. ఆ డాక్టరును మళ్లీ పిలిపిద్దామనో, మా ఆయనతో చెప్తాననో, ఏదో ఒకటి. ఆమె నన్ను మాట్లాడనివ్వలేదు. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అడిగింది.

"మేం అడిగినమా అమ్మా, మీ బావి?"

పిల్లకు దాహమేస్తోందని, ఖాళీ కుండ నెత్తికెత్తుకుని, దాని చెయ్యి పట్టుకుని ఆ బావి దగ్గరికే నడిచింది.